గేటు ఎత్తేస్తే సరిహద్దు పోతుందా? - యూరప్ అనుభవం మనకు చెప్పేది

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు "ఏ విషయం మీద?" అన్నాను. "మీ ఇష్టమండీ, కాని యుద్ధం కథలు మాత్రం వద్దు. పోయినేడు మూడు విన్నాం" అన్నారు. సరే, ఈసారి ఒక్క సెంట్రీ కూడా కనబడని సరిహద్దు గురించి చెబుతాను. మనలో చాలామందిమి జీవితంలో మంచి వయసంతా సరిహద్దు మీదే గడిపినవాళ్ళం. ఫెన్సు, నాకా, పెట్రోలింగు, రాత్రి డ్యూటీ, ఇవే మనకు తెలిసిన సరిహద్దు. అటువంటివాణ్ణి 2025లో మా అమ్మాయిని చూడటానికి జర్మనీ వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం ట్రామెక్కి దేశం దాటాను. దాటినట్టు నాకు తెలియనే లేదు.

ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ అనే నగరం ఉంది. దాని పక్కనే రైన్ నది. నదికి అవతలి ఒడ్డున కెల్ అనే జర్మన్ ఊరు. 2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రామే వంతెన మీదుగా కెల్ దాకా వెళుతుంది. మన సికింద్రాబాదు నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా అవతలికి వెళ్ళినంత సులువు. సంచులు పట్టుకుని బజారుకు పోయే ఆడవాళ్ళు, బడి వదిలిన పిల్లలు, అంతా ఎవరి లోకంలో వాళ్ళున్నారు. నేనొక్కణ్ణే కిటికీలోంచి పోస్టు ఎక్కడుందా అని చూస్తున్నాను. అలవాటు అలాంటిది!

మీకు తెలుసు కదా, ఆ నేల మామూలు నేల కాదు. ఆ స్ట్రాస్‌బర్గ్ ఉన్న అల్సాస్ ప్రాంతం 1871లో జర్మనీకి పోయింది, 1918లో ఫ్రాన్సుకు వచ్చింది, 1940లో మళ్ళీ జర్మనీ చేతికి చిక్కింది, రెండో ప్రపంచయుద్ధం చివర్లో మళ్ళీ ఫ్రాన్సుదయింది. డెబ్భై అయిదేళ్ళలోపు నాలుగుసార్లు జెండా మారింది. అటువంటి చోట ఇవాళ ట్రాము తిరుగుతోంది. అది చూసి నాకు ముచ్చటేసింది. అంతలోనే వంతెన దాటగానే ఇద్దరు జర్మన్ పోలీసులు ఎక్కారు. ఒకరిద్దరి కాగితాలు అడిగారు, నావీ అడిగారు. మర్యాదగానే చూసి, ఇచ్చేసి, దిగిపోయారు. గేటు లేదన్నారు, మరి ఈ పోలీసులేమిటి? ఈ సందేహమే నన్ను పట్టుకుంది. ఇంటికొచ్చాక చదివాను, అడిగాను, ఆలోచించాను. అందులో నాకర్థమైనంత మీ ముందు పెడుతున్నాను.

మొదట కథ ఎలా మొదలైందో చెబుతాను. 1984 మొదట్లో కస్టమ్స్ సిబ్బంది ఆందోళనల వల్ల యూరప్ సరిహద్దుల్లో లారీలు రోజుల తరబడి బారులు తీరాయి. విసిగిపోయిన డ్రైవర్లు రోడ్లే దిగ్బంధం చేశారు. ఆ దెబ్బతో అదే ఏడాది జులైలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ తమ మధ్య తనిఖీలు తగ్గించుకుందామని ఒప్పుకున్నాయి. దాన్ని చూసి బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిశాయి. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న పల్లె దగ్గర, మోసెల్ నది మీద, 'ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్' అనే పడవలో సంతకాలు జరిగాయి. మూడు దేశాలు కలిసే చోటది. ప్రధానమంత్రులెవరూ రాలేదు, సహాయమంత్రుల స్థాయివాళ్ళే వచ్చారు. అప్పటికి యూరోపియన్ సమాజంలో పది దేశాలుంటే అయిదే సంతకం పెట్టాయి. పెద్ద విశేషమని ఎవరూ అనుకోలేదు. ద్రాక్షతోటల మధ్య ఉన్న ఆ పల్లె పేరు మన హైదరాబాదులో వీసా కోసం ఫారాలు నింపే ప్రతి ఇంటికీ తెలుస్తుందని ఎవరనుకున్నారు?

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1985లో సంతకం పెట్టి, గేట్లు ఎత్తింది మాత్రం 1995 మార్చి 26న. మధ్యలో పదేళ్ళు ఎందుకు పట్టింది? గేటు ఎత్తడం ఒక పూట పని. గేటు చేసే పనిని ఎవరు చేస్తారన్నది తేల్చుకోవడానికే పదేళ్ళు పట్టింది. 1990లో ఇంకో ఒప్పందం రాసుకున్నారు. అందులో బయటి సరిహద్దును అందరూ ఒకే నియమంతో కాయాలన్నారు, అందరికీ ఒకే వీసా అన్నారు, పోలీసుల మధ్య సహకారం అన్నారు, అందరూ చూసుకునేలా ఒక ఉమ్మడి జాబితా అన్నారు. నేరస్థుణ్ణి తరుముతూ పోలీసు పక్క దేశంలోకి కూడా కొన్ని షరతులకు లోబడి వెళ్ళవచ్చన్నారు. హాట్ పర్సూట్ అంటే ఏమిటో ఈ సభకు నేను వివరించక్కర్లేదు. ఒక దేశం యూనిఫారం ఇంకో దేశం నేల మీద తరుముకుంటూ పోవడానికి ముందే అనుమతి రాసుకున్నారంటే, ఆ పదేళ్ళలో వాళ్ళు ఎంత దూరం వచ్చారో మీరే ఊహించండి.

ఇప్పుడు అందులో 29 దేశాలున్నాయి. యూరోపియన్ యూనియన్‌లోవి 25, బయటివి నాలుగు - నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీచ్‌టెన్‌స్టైన్. క్రొయేషియా 2023లో చేరింది. రుమేనియా, బల్గేరియాలకు 2024 మార్చిలో విమానాశ్రయాలు, రేవులు తెరిచి, నేల మీది తనిఖీలు 2025 జనవరి 1న ఎత్తేశారు. ఐర్లండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నా ఇందులో లేవు.

నాకర్థమైన మొదటి విషయం ఇది. గేటు ఎత్తేస్తే సరిహద్దు పోదు. వేరే చోటికి జరుగుతుంది. యూరప్‌లో అది నాలుగు చోట్లకు జరిగింది. ఒకటి బయటి అంచుకు, రెండోది కంప్యూటర్‌లోకి, మూడోది పక్క దేశాల చేతుల్లోకి, నాలుగోది తిరిగి దేశం లోపలికే.

మొదటిది బయటి అంచు. జర్మనీ గేటు ఎత్తేసిన రోజున జర్మనీ సరిహద్దు గ్రీసు దీవుల దగ్గరకు, ఇటలీ సముద్రం దగ్గరకు, పోలండ్ అడవుల దగ్గరకు వెళ్ళిపోయింది. ఒక పోస్టు తీసేస్తే పక్క పోస్టు మీద భారం పడుతుంది, అంతే కదండీ! ఆ పక్క పోస్టువాడికి బలం ఇవ్వాలి కదా? ఇక్కడే యూరప్ తప్పటడుగు వేసింది. 1990లోనే డబ్లిన్‌లో ఇంకో ఒప్పందం జరిగింది. శరణు కోరి వచ్చినవాడి దరఖాస్తును ఎవరు విచారించాలి అంటే, కుటుంబం ఫలానా దేశంలో ఉందన్న కారణాల్లాంటివి లేకపోతే, అతడు మొదట కాలుపెట్టిన దేశమే విచారించాలని. చెప్పడానికి బాగుంది. కాని దాని అర్థమేమిటి? అంచున ఉన్నవాడే అంతా మోయాలని.

2015లో పది లక్షలమందికి పైగా సముద్రం మీద యూరప్‌కు వచ్చారు. ఎక్కువమంది సిరియా, అఫ్ఘానిస్తాన్, ఇరాక్‌ల వాళ్ళు. అందులో ఎనిమిదిన్నర లక్షలమంది గ్రీసు ఒడ్డుకే చేరారు. గ్రీసు ఎంత? జనాభా కోటి పైచిలుకు, అప్పుడేమో అప్పుల్లో మునిగి ఉంది. ఆ దేశం చేతులెత్తేసింది. వచ్చినవాళ్ళను ముందుకు పంపేసింది. హంగేరీ కంచె కట్టింది. ఆ సెప్టెంబరులో గ్రీసు, ఇటలీల నుంచి 1,60,000 మందిని మిగతా దేశాలు పంచుకోవాలని తీర్మానించారు. చివరికి పంచుకున్నది సుమారు 35 వేలమందినే. తీర్మానానికీ ఆచరణకూ మధ్య ఎంత దూరమో చూడండి. పక్క పోస్టువాడు కబురంపితే బలగం రాలేదన్నమాట. అటువంటప్పుడు ఆ పోస్టు ఏమవుతుందో మనకు తెలుసు.

అంచును కాయడానికి వాళ్ళు ఉమ్మడి సంస్థను కూడా పెట్టుకున్నారు. ఫ్రాంటెక్స్ అంటారు. 2004లో చట్టం చేశారు, వార్సాలో కార్యాలయం. మొదట్లో దాని పని లెక్కలు, శిక్షణ, సమన్వయమే. 2016లో అధికారాలు పెంచారు. 2019లో 2027 నాటికి పదివేలమంది స్థాయీ దళం ఉండాలని నిర్ణయించారు. యూరోపియన్ యూనియన్ తన పేరుతో యూనిఫారం వేయించిన మొదటి దళం అదే. కాని ఆ సంస్థకూ మచ్చలు పడ్డాయి. ఏజియన్ సముద్రంలో వచ్చినవాళ్ళను విచారణ లేకుండా వెనక్కి నెట్టిన సంఘటనలను చూసీ చూడనట్టు వదిలేశారన్న ఆరోపణల మీద విచారణ జరిగి, 2022 ఏప్రిల్‌లో దాని అధిపతి రాజీనామా చేశారు. యూనిఫారం వేసుకున్నవాడు ఏం చేశాడో దానికి జవాబు చెప్పాలన్నది మనకూ తెలిసిన పాఠమే.

సముద్రం అన్నాను కాబట్టి నౌకాదళం సోదరులు వినవలసిన ముక్క ఒకటుంది. 2013 అక్టోబరు 3న ఇటలీకి చెందిన లాంపెడూసా దీవి దగ్గర ఒక పడవ మునిగి 360 మందికి పైగా పోయారు. ఒడ్డు కనబడేంత దూరంలోనే! శవపేటికల వరుసలు చూసి ఇటలీ తట్టుకోలేకపోయింది. రెండు వారాల్లో తన నౌకాదళాన్ని దింపింది. ఆ ఆపరేషన్ పేరు మరే నోస్త్రుమ్, అంటే 'మన సముద్రం'. ఏడాదిలో సుమారు లక్షన్నర మందిని నీళ్ళలోంచి కాపాడారు. నెలకు 90 లక్షల యూరోల ఖర్చు. మిగతా దేశాలు ఆ ఖర్చులో సరైన పాలు పంచుకోలేదు. పైగా, కాపాడతారని తెలిస్తే ఇంకా వస్తారని కొందరన్నారు. 2014 అక్టోబరు చివర దాన్ని ఆపేశారు. దాని స్థానంలో ఫ్రాంటెక్స్ మొదలుపెట్టినదానికి మొదట్లో ఆ ఖర్చులో మూడోవంతు కూడా లేదు. 2015 ఏప్రిల్‌లో మరో పడవ మునిగింది. సుమారు 800 మంది పోయారు. బతికినవాళ్ళు 28 మంది.

ఆ తర్వాత జరిగింది వినండి. ఇటలీ నౌకాదళం 2016లో ఆ పడవను దాదాపు 370 మీటర్ల లోతునుంచి పైకి తీసింది. ఎందుకు? లోపల ఉన్నవాళ్ళెవరో తెలుసుకోవడానికి. డాక్టర్లు ఒక్కొక్కరినీ పరీక్షించి, బట్టల్లో కుట్టుకున్న కాగితాలు, చిన్న చిన్న వస్తువులు వేరుచేసి, పేర్లు కనిపెట్టే ప్రయత్నం చేశారు. మన యూనిట్లలో తప్పిపోయిన జవాను ఆనవాలు దొరికేదాకా వెతుకుతాం చూడండి, అలాగే. వాళ్ళు ఆ దేశం మనుషులు కారు, పిలిస్తే వచ్చినవాళ్ళూ కారు. అయినా చేశారు. 2014 నుంచి లెక్క చూస్తే మధ్యధరా సముద్రంలో ప్రాణాలు పోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు 30 వేలకు పైమాటే. సముద్రంలో మునుగుతున్నవాడు కనబడితే ముందు పైకి లాగాలి, తర్వాత పాస్‌పోర్టు అడగాలి. అంతర్జాతీయ సముద్ర చట్టం కూడా అదే చెబుతుంది. మన నౌకాదళమూ, కోస్టుగార్డూ అదే పాటిస్తాయి.

ఇక రెండోది కంప్యూటర్‌లోకి జరిగిన సరిహద్దు. ఉమ్మడి జాబితా అన్నాను చూడండి, దాని పేరు షెంగెన్ సమాచార వ్యవస్థ. దాని ప్రధాన కంప్యూటర్లు ఉన్నది ఎక్కడనుకున్నారు? నేను ట్రామెక్కిన ఆ స్ట్రాస్‌బర్గ్‌లోనే. వెతుకుతున్న నేరస్థులు, తప్పిపోయిన పిల్లలు, ప్రవేశం నిషేధించినవాళ్ళు, దొంగిలించిన కార్లు, తుపాకులు, పోయిన పాస్‌పోర్టులు, అన్నీ అందులో ఉంటాయి. నమోదులు కోట్లలో ఉంటాయి, ఎక్కువ భాగం పోయిన కాగితాలవే. లిస్బన్‌లో పోలీసు అడిగినా, హెల్సింకిలో పోలీసు అడిగినా అదే జవాబు వస్తుంది. ట్రాములో నా పాస్‌పోర్టు చూసిన ఆ పోలీసు చేతిలో ఉన్న చిన్న యంత్రం అడిగేది దాన్నే.

అయితే జాబితా ఎంత మంచిదైనా, దాంట్లో రాసినవాడు ఎంత రాస్తే అంతే. 2015 నవంబరు 13న ప్యారిస్‌లో ఉగ్రవాదులు 130 మందిని చంపారు. మర్నాడు పొద్దున ఆ ముఠాలో ఒకడు కారులో బెల్జియం వైపు పోతుంటే ఫ్రెంచి పోలీసులు దారిలో ఆపారు. కాగితాలు చూశారు. జాబితాలో వాడి పేరుంది. కాని చిల్లర నేరాల కింద ఉంది, ఉగ్రవాది అని లేదు. ముందు రాత్రి ఘటనతో సంబంధం ఇంకా ఆ పోలీసులకు చేరలేదు. వదిలేశారు. నాలుగు నెలల తర్వాత బ్రస్సెల్స్‌లో దొరికాడు. వాడు దొరికిన నాలుగు రోజులకే ఆ ముఠాలో మిగిలినవాళ్ళు బ్రస్సెల్స్‌లో 32 మందిని చంపారు. నాకా పెట్టారు, మనిషి దొరికాడు, ఇంటెలిజెన్స్ అందలేదు. ఇటువంటి కథ మనకు కొత్తా?

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ప్యారిస్ ముఠాలో ఇద్దరు దొంగ సిరియా పాస్‌పోర్టులతో గ్రీసు దీవి మీదుగా శరణార్థుల్లో కలిసి వచ్చారు. అది నిజం. ఆ ముఠాలో ఎక్కువమంది ఫ్రాన్సు, బెల్జియం పౌరులే, అక్కడే పెరిగినవాళ్ళే. అదీ నిజం. మొదటి నిజం మాత్రమే చెప్పేవాళ్ళున్నారు, రెండో నిజం మాత్రమే చెప్పేవాళ్ళున్నారు. భద్రత చూసేవాడికి రెండూ కావాలి.

ఇంకో ఉదాహరణ. 2016 డిసెంబరు 19న బెర్లిన్‌లో క్రిస్మస్ సంతలోకి ఒకడు లారీ తోలి పన్నెండుమందిని చంపాడు. గాయపడ్డ మరొకాయన తర్వాత ఏళ్ళకు పోయారు. ఆ హంతకుడు 2011లో ట్యునీషియా నుంచి పడవలో ఇటలీ చేరినవాడు. అక్కడ జైలు అనుభవించాడు. జర్మనీ వచ్చి పదికి పైగా పేర్లతో తిరిగాడు. శరణు దరఖాస్తు కొట్టేశారు, కాని స్వదేశం నుంచి ప్రయాణ కాగితాలు రాక పంపలేకపోయారు. ఆ కాగితాలు దాడి జరిగిన రెండు రోజులకు వచ్చాయి! దాడి తర్వాత వాడు నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్సు మీదుగా ఇటలీ దాకా వెళ్ళాడు. యూరప్ అంతా వాడికోసం గాలిస్తున్నా ఏ సరిహద్దులోనూ దొరకలేదు. చివరికి మిలాన్ పక్కన, తెల్లవారుజామున మూడు గంటలకు, మామూలు గస్తీలో ఉన్న ఇద్దరు పోలీసులు "కాగితాలు చూపించు" అన్నారు. వాడు కాల్చాడు, ఒక పోలీసుకు భుజానికి తగిలింది. రెండోవాడు, ఇంకా శిక్షణలో ఉన్న కుర్రాడు, తిరిగి కాల్చాడు. అక్కడితో ముగిసింది. ఇన్ని కంప్యూటర్లు ఉన్నా చివరికి పని జరిగింది డ్యూటీ సరిగ్గా చేసిన ఇద్దరు మనుషుల వల్ల. రాత్రి డ్యూటీ చేసే పిల్లలకు ఈ కథ చెప్పండి.

మూడోది పక్క దేశాల చేతుల్లోకి జరగడం. 2016 మార్చి 18న యూరోపియన్ యూనియన్ టర్కీతో ఒక అవగాహనకు వచ్చింది. గ్రీసు దీవులకు అక్రమంగా వచ్చినవాళ్ళను టర్కీ వెనక్కి తీసుకోవాలి, టర్కీలో ఉన్న సిరియా శరణార్థుల కోసం యూరప్ రెండు విడతల్లో 600 కోట్ల యూరోలు ఇవ్వాలి. రాకపోకలు బాగా తగ్గాయి. తర్వాత లిబియా కోస్టుగార్డుకు శిక్షణ, పడవలు. 2023లో ట్యునీషియాతో ఒప్పందం. కాపలా బయటివాడికి అప్పగిస్తే మన చేతికి మట్టి అంటదు గాని, తాళంచెవి వాడి చేతిలోకి పోతుంది. 2020లో టర్కీ "మేం గేటు తెరిచేశాం" అంటే వేలమంది గ్రీసు సరిహద్దు మీద పడ్డారు. 2021లో బెలారస్ విమానాల్లో జనాన్ని రప్పించి పోలండ్, లిథువేనియాల కంచె దగ్గరకు తోలింది. ఆ చలిలో, ఆ అడవిలో చిక్కుకున్న పసిపిల్లలు ఎవరి శత్రువులు? మనుషుల్నే ఆయుధంలా వాడటం అంటే ఇదే. ఫిన్లాండ్ 2023 చివర్లో రష్యాతో ఉన్న తన సరిహద్దు దారులన్నీ మూసేసింది కూడా ఈ కారణంతోనే.

దానికి కోర్టు గీసిన గీత కూడా ఉంది. అదీ స్ట్రాస్‌బర్గ్‌లోనే. యూరప్ మానవహక్కుల న్యాయస్థానం యూరోపియన్ యూనియన్‌ది కాదు, వేరే సంస్థది. 2009లో ఇటలీ నౌకలు నడిసముద్రంలో సుమారు 200 మందిని ఎక్కించుకుని, ఎవరు ఏమిటని అడక్కుండా లిబియాకు తీసుకెళ్ళి అప్పగించాయి. వాళ్ళలో 24 మంది కోర్టుకెళ్ళారు. 2012లో తీర్పు వచ్చింది. మీ ఓడ మీదికి ఎక్కినవాడు మీ చట్టం కిందికి వచ్చినట్టే, హింస ఎదురయ్యే చోటికి వాణ్ణి తిప్పి పంపడం తప్పు అన్నారు. అంటే జాబితా ఉన్న ఊళ్ళోనే న్యాయస్థానమూ ఉంది. ఆ రెండూ ఒకే ఊళ్ళో ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఒకటి లేకుండా ఇంకొకటి ఉంటే ఏమవుతుందా అని నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

నాలుగోది తిరిగి లోపలికే రావడం. ఫ్రాన్సు 2015 నవంబరు నుంచి లోపలి సరిహద్దుల్లో తనిఖీలు మళ్ళీ పెట్టి, పొడిగించుకుంటూ వచ్చింది. జర్మనీ 2015లో ఆస్ట్రియా వైపు మొదలుపెట్టి, 2024 సెప్టెంబరు 16 నుంచి తన నేల సరిహద్దులన్నిటికీ విస్తరించింది. నన్ను ట్రాములో అడిగింది అందుకే. తాత్కాలికం అంటారు, చట్టంలోనూ తాత్కాలికమనే ఉంది. కాని మనకు తెలుసు, వేసిన టెంటు ఏళ్ళు గడిస్తే పక్కా బ్యారక్ అయిపోతుంది. అక్కడ రోజూ పనికి అటూ ఇటూ తిరిగేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 2020లో కోవిడ్ వచ్చి కెల్ వంతెన మూసినప్పుడు ఒడ్డుకు ఇటు తల్లి, అటు కొడుకు ఉండిపోయిన ఇళ్ళున్నాయని అక్కడివాళ్ళు చెప్పారు. ఆ రోజుల తర్వాతే గేటు లేకపోవడం విలువ తెలిసిందన్నారు.

ఇప్పుడు యూరప్ మళ్ళీ సరిదిద్దుకునే ప్రయత్నంలో ఉంది. 2024 మే 14న వలస, శరణార్థుల మీద పది చట్టాల కట్ట ఆమోదించారు. అమలుకు పెట్టుకున్న తేదీ 2026 జూన్ 12. అంచు దగ్గరే ఏడు రోజుల్లో ఎవరేమిటో తేల్చాలి. అందరూ భారం పంచుకోవాలి. మనుషుల్ని తీసుకోవాలి, లేదా మనిషికి 20 వేల యూరోల చొప్పున ఇవ్వాలి, లేదా సిబ్బంది, సామగ్రి పంపాలి. ఇది గట్టెక్కిస్తుందా అంటే, కాగితం మీద పంచుకోవడం 2015లోనూ ఉంది. చేసి చూపించాలి.

భారం పంచుకోగలరని ఒక్కసారి చూపించారు కూడా. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన ఎనిమిది రోజులకు, 2001లో రాసుకుని ఎన్నడూ వాడని తాత్కాలిక రక్షణ చట్టాన్ని బయటికి తీశారు. విచారణ లేకుండా నివాసం, పని, బడి, వైద్యం. నలభై లక్షలమందికి పైగా దాని కింద తలదాచుకున్నారు. మన పిల్లలూ అప్పుడు అక్కడున్నారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వైద్యవిద్యకు వెళ్ళినవాళ్ళు ఎముకలు కొరికే చలిలో నడిచి పోలండ్, రుమేనియా, హంగేరీ, స్లొవాకియా గేట్ల దగ్గర నిలబడ్డారు. వీసా లేకుండానే ఆ దేశాలు లోపలికి రానిచ్చాయి. ఆపరేషన్ గంగలో 90 విమానాలు నడిస్తే అందులో 14 మన వాయుసేనవి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ రాత్రులు నిద్రపోని తల్లిదండ్రులు ఉండే ఉంటారు. సరిహద్దు తెరవడం అంటే ఏమిటో వాళ్ళను అడగాలి.

మన ఇళ్ళకు సంబంధించిన రెండు మాటలు చెప్పి ముగిస్తాను. పిల్లల దగ్గరకు, పురిటికి, మనవల్ని చూసుకోవడానికి వెళ్ళే అమ్మలు ఎక్కువయ్యారు. షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి, 29 దేశాలూ కలిపి. 2025 అక్టోబరు 12న వాళ్ళు రాకపోకలను ముఖం, వేలిముద్రలతో కంప్యూటర్‌లో నమోదు చేయడం మొదలుపెట్టారు. ముద్ర చూసి వేళ్ళమీద లెక్కపెట్టే రోజులు పోయాయి. ఒక్కరోజు ఎక్కువున్నా తెలిసిపోతుంది. నియమం పాటించినవాళ్ళకు మేలు కూడా ఉంది. 2024 ఏప్రిల్‌లో మన దేశంవాళ్ళ కోసం తెచ్చిన పద్ధతి ప్రకారం, మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్నవాళ్ళకు రెండేళ్ళ వీసా, ఆ తర్వాత అయిదేళ్ళది ఇవ్వవచ్చు.

రెండోమాట ఏజెంట్ల గురించి. సెర్బియా మనకు వీసా లేకుండా రానిచ్చేది. ఆ దారిన యూరప్‌లోకి దూరేవాళ్ళు ఎక్కువయ్యారని యూరప్ ఒత్తిడి తెస్తే, 2023 జనవరి 1 నుంచి ఆ సదుపాయం తీసేశారు. 2025లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన సురక్షిత దేశాల జాబితాలో మన దేశం పేరూ ఉంది. అంటే మనవాడు అక్కడికి వెళ్ళి శరణు అడిగితే త్వరగా కొట్టేసే వరసలో పడతాడు. కాబట్టి భూమి అమ్మి "అక్కడికి చేరితే చాలు, కాగితాలు అవే వస్తాయి" అనే ఏజెంటు చేతిలో డబ్బు పోయకండి. మన ఊళ్ళో మాజీ సైనికుడి మాటకు విలువుంది. ఎవరైనా కుర్రాడు ఆ దారి పడుతున్నాడని తెలిస్తే ఒక్కపూట కూర్చుని చెప్పండి.

యూరప్ చేసినట్టు మనం చేయాలని నేను అనడం లేదు. మన పొరుగు వేరు, మన చరిత్ర వేరు. మనకూ నేపాల్‌తో సుమారు 1,750 కిలోమీటర్ల తెరిచిన సరిహద్దు ఉంది. అటునుంచి వచ్చిన గూర్ఖా సోదరులతో ఒకే బ్యారక్‌లో ఉన్నవాళ్ళం మనం. నమ్మకం ఉన్నచోట తెరిచాం, లేనిచోట కంచె వేశాం.

నేను నేర్చుకున్నది ఒక్కటే. మన ముందువైపు మనం నిశ్చింతగా చూడాలంటే, పక్క పోస్టువాడు మేలుకుని ఉన్నాడన్న నమ్మకం ఉండాలి. వాడు మేలుకుని ఉండాలంటే, అవసరమైతే మనం వస్తామన్న నమ్మకం వాడికి ఉండాలి. ఆ నమ్మకం ఉన్నన్నాళ్ళూ ఆ వంతెన మీద ట్రాము నడుస్తుంది. అది సడలితే గేటు మళ్ళీ దిగుతుంది, దాన్ని దించడానికి శత్రువు రానక్కర్లేదు. కెల్‌లో ఫ్రెంచి, జర్మన్ పోలీసులు, కస్టమ్స్‌వాళ్ళు ఒకే భవనంలో పక్కపక్క బల్లల మీద కూర్చుని పనిచేసే కేంద్రం ఒకటుంది. వాళ్ళ తాతలు ఆ నదికి ఇటూ అటూ నిలబడి ఒకరినొకరు కాల్చుకున్నవాళ్ళు. ఆ బల్లలు అలాగే ఉండాలని నేను కోరుకుంటాను.

 యుద్ధం కథ చెప్పకుండానే ఇంతసేపు లాగినందుకు కార్యదర్శిగారు క్షమించాలి.

జై హింద్.